చేతిసంచిలో గడ్డ

తలమీద మిగిలిన నెలవంకని చూసి పెట్టారో, పిల్లల్ని మెడపట్టి క్లాసులోంచి గెంటే అలవాటుని చూసి పెట్టారో గానీ, ఆ సైన్సు మాస్టారికి బడిలో అర్ధచంద్రం అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇప్పుడు విమానమెక్కి మరదలింటికి వెళ్ళి నాలుగు రోజులుండి రావాలి. అక్కడ తోడల్లుడుంటాడు. నిరుడు తనలాగే ఉన్న ఆ మనిషి నెత్తిమీద అడవి మొలిచిందని ఫోటోలో చూసిన దగ్గర్నుంచీ మాస్టారికి ముద్ద దిగడం లేదు. కేశతైలం నాలుగు రోజులు మానితే ఉన్న నెలవంక కూడా అస్తమిస్తుందని బెంగ.

"చేతిసంచిలో ద్రవాలు వంద మిల్లీలీటర్ల సీసా దాటకూడదటోయ్! నాది అరలీటరు."

"పెద్ద పెట్టెలో పడెయ్యండి," అంది భార్య.

"కిందటిసారి పెట్టె ఇంకో ఊరెళ్ళింది!"

"అయితే వదిలెయ్యండి. అక్కడ దొరుకుతుంది లెండి."

"ఎక్కడ దొరుకుతుందే? వైద్యుడు నాకోసం కాచింది!"

ఆవిడ ఎందుకో మాట మార్చేసింది.

ద్రవమేగా వద్దన్నది, గడ్డకడితే ఘనం కదా అనుకున్నారు మాస్టారు. తైలం గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. రాయిలా గట్టిపడ్డాక తువ్వాలులో చుట్టి సంచిలో దాచి, తన భుజం తనే తట్టుకున్నారు.

విమానాశ్రయంలో వరస ఎంతకీ కదలదు. సంచి ఇరికించుకున్న మాస్టారి చంక ముందు చల్లబడింది, తర్వాత జిడ్డోడింది.

"ఇదేంటండీ?" అంది తనిఖీ అమ్మాయి.

"గడ్డ అండీ."

"గడ్డమా? మీకు లేదుగా!"

"గడ్డం కాదమ్మా, గడ్డ!"

"అయ్యో, డాక్టరుకి చూపించారా?"

"ఘనపదార్థం అంటున్నా!" అని మాస్టారు తువ్వాలు విప్పారు. ఘనం కాస్తా బల్లమీదికి కారింది. ఇప్పుడిది ద్రవమా, ఘనమా? ఇంట్లో బయల్దేరినప్పటి లెక్కా, ఇక్కడికొచ్చాక లెక్కా? కరగని సగమైనా పట్టుకెళ్ళచ్చా? ముప్ఫయ్యేళ్ళుగా చెప్పిన పాఠం మాస్టారికి ఆ క్షణాన ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆ అమ్మాయి వాసన చూసింది. "మామూలు కొబ్బరినూనేగా సార్!" అంటూ చెత్తడబ్బాలో వేసేసింది.

మాస్టారు భార్యవైపు తిరిగారు. "కొబ్బరినూనా?"

"వైద్యుడు చెప్పాడుగా, అసలు తైలం ఎంత చలికీ గడ్డకట్టదని! సైన్సు మాస్టారు కదా, మీకే తెలిసిపోతుందని హడలిపోయాను."

"మరి నా తైలం?"

"మరిదిగారికి జుట్టు రాలిపోతోందని చెల్లి ఏడిస్తే ఏడాదిగా మీ సీసాలో కొబ్బరినూనె పోసి, అది వాళ్ళకే పంపుతున్నా. మీకెలాగూ మొలవట్లేదు కదండీ!"

మాస్టారు తన నెలవంకని తడుముకున్నారు. ఫోటోలోని అడవి తనదే!

"బెంగపడకండి. మరిదిగారి దగ్గర సగం సీసా ఉందట. వెళ్ళగానే అడిగి రాసుకుందురుగాని."

తోడల్లుణ్ణి తైలం అడగడమా! మాస్టారు నీళ్ళు నమిలారు.

"నమలకండి, మింగెయ్యండి," అంది ఆవిడ సంచి అందుకుంటూ. "వంద దాటితే అవీ లోపలికి రానివ్వరు."