పుంజుకు పట్టిన భాగ్యం

మన వైపు పుడితే పుంజుగా పుట్టాలి. నవ్వకండి, ఆధారాలతోనే చెబుతున్నాను.

మా అమ్మాయి లోహిత తిరుపతిలో పశువైద్యం చదివి, ఇప్పుడు పుంజు వీర్యనాళం మీద పరిశోధన చేస్తోంది. ఆ సన్నటి గొట్టం గోడలో కండరం ఉంటుందట. ఆక్టిన్ అనే ప్రొటీన్ వల్ల అది ముడుచుకుని వీర్యాన్ని ముందుకు తోస్తుంది. డెస్మిన్ అనే ఇంకో ప్రొటీన్ ఆ కండరం చెదరకుండా పట్టి ఉంచుతుంది. ఇదంతా తెలియడానికి ఆ గొట్టాన్ని కాగితం కంటే పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద నెలల తరబడి చూస్తారు. ఇంత శ్రద్ధగా చూపించుకున్న మగవాడు మీ బంధువుల్లో ఒక్కడైనా ఉన్నాడా?

మొన్న పాకాలలో మా అక్క చెంగమ్మ ఇంటికి వెళ్ళాం. ఆమె కోడలు ఐశ్వర్యకు పెళ్ళై ఆరేళ్ళు, పిల్లల్లేరు. ఆ అమ్మాయి చేయించుకోని పరీక్ష లేదు. ఏ లోపమూ లేదని రిపోర్టులు వచ్చాయి. లోపం లేదు కాబట్టి ఆడికృత్తిక పండక్కి గుడికి కావడి మోయమన్నారు. అదీ ఫలించకపోతే కొడుకు ఢిల్లీబాబుకు రెండో సంబంధం చూస్తానని అక్క చెప్పేసింది.

లోహిత చదువు గురించి అక్క శ్రద్ధగా విన్నది.

"అట్లయితే పొదిగిన గుడ్లు మురిగిపోతే తప్పు పెట్టది కాదా?"

"ముందు పుంజును చూస్తాం పెద్దమ్మా. పెట్ట జోలికి తర్వాత పోతాం."

"అదీ సంగతి! నా పెట్టల్ని ఊరికే తిడతా ఉండాను."

చదువు ఎంత త్వరగా పనికొస్తుందో చూడండి. మధ్యాహ్నానికల్లా అక్క పెరట్లోని పుంజు సంగటిలోకి పులుసైంది.

వడ్డిస్తూ ఐశ్వర్య అడిగింది. "అత్తా, ఈయనకూ ఒక పరీక్ష చేపిద్దామా?"

"మొగోడికి పరీక్ష ఏందే? నా కొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడు."

గుండ్రాయి తలెత్తకుండా తొడముక్క నములుతున్నాడు.

"పుంజును అనుమానానికే కోసేసినారు. ఈయన్ని ఎవురూ కొయ్యమన్లేదు కదత్తా."

ఢిల్లీబాబు నమలడం ఆపేశాడు. తర్వాత చేయి కడుక్కునే చోట లోహితను మెల్లగా అడిగాడు. "పాపా, తిరుపతిలో ఆ పరీక్ష యాడ చేస్తారు?"

ఆరేళ్ళ రిపోర్టులు చేయలేని పనిని ఒక పుంజు ఒక్క పూటలో, అదీ చచ్చాక చేసింది. అందుకే అంటున్నాను, పుడితే పుంజుగా పుట్టాలి. కోడలిగా కాదు.