మాబు తలెత్తి చూస్తే చాలు

ఆ రెండో శనివారం పొద్దున ప్రకాష్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత జిప్సీ జీపును బయటికి తీయాలి, సెంటర్లో మాబు షెడ్డు ముందు నుంచి ఒక్కసారి పోనివ్వాలి, మాబు తలెత్తి చూడాలి. అంతే. మాట్లాడాలని కూడా లేదు. అంటే ఉంది, పదకొండేళ్ళుగా ఉంది, కానీ మొదటిరోజే అంత ఆశపడటం మంచిది కాదనుకున్నాడు.

మాబు ఆ ఊరి మెకానిక్కు. ప్రకాష్ హైస్కూల్లో సైన్సు చెబుతాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చొని చదువుకున్నవాళ్ళు. జిప్సీని వేలంలో కొన్న రోజు అది బండిలా లేదు, సగం నాలుగు గోతాల్లో ఉంది. రెండు వేసవి సెలవులు తినేసి ఇద్దరూ దాన్ని బండిని చేశారు. ఎప్పుడో జపానువాడు గీసిన బండి, నాలుగు చక్రాలూ తిరుగుతాయి కాబట్టి ఇసకైనా బురదైనా లెక్కచేసేది కాదు. ఆదివారం చర్చి అయ్యాక వేటపాలెం మీదుగా సముద్రపొడ్డుకు పోవడం, ఇసకలో చక్కర్లు కొట్టడం, ఒక జీడిపప్పు పొట్లం ఖాళీ చేసి పొద్దు గూకేవేళకు తిరిగి రావడం. ప్రకాష్‌కి సుఖం అంటే ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

అదే ఇసకలో ఒక ఆదివారం, ముందు చక్రాలకు బలం అందించే ఇనప షాఫ్టు ఫట్‌మని విరిగింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు పదిమంది చుట్టూ చేరారు. వాళ్ళ ముందు ప్రకాష్, "పాన పట్టుకోవడం కూడా రానివాడి చేతికి బండి ఇచ్చాను, నాకు బుద్ధి లేదు," అన్నాడు. మాబు విరిగిన షాఫ్టు ఊడదీసి, భుజాన వేసుకొని బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తరవాత మాబూ మాట్లాడలేదు, షాఫ్టూ తిరిగి రాలేదు. వెనక చక్రాలతోనే ఇంటికి చేరిన జిప్సీని మాస్టారు తన మిరపకాయల టిక్కీ బస్తాలు నిలవచేసే కొట్టంలో ఒక మూలకు నెట్టించాడు.

నాలుగు నెలల కిందట ఫోన్లో ఏదో వీడియో చూస్తుంటే ఒకాయన చెప్పాడు. నాలుగు చక్రాల గేరు వేసి తారు రోడ్డు మీద దూరం తోలితే, ఎంత గట్టి షాఫ్టయినా పుటుక్కుమంటుందని. ఆ ఆదివారం ఊరివాళ్ళు చూస్తారని ఇంటి దగ్గరే ఆ గేరు వేసి, సముద్రం దాకా తారు మీద తోలింది ప్రకాషే. వద్దురా అని మాబు రెండుసార్లు అన్నాడు కూడా. మాస్టారు ఆ వీడియో మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ తప్పు ఆయనదే.

తిన్నగా వెళ్ళి ఆ మాట చెప్పేస్తే అయిపోయేది. కానీ ముప్పై ఏళ్ళుగా ఇతరుల తప్పులు దిద్దిన నోరు, తనది ఒప్పుకోవడానికి తిరగదు. అందుకని బండిని తనే బాగుచేయడం మొదలుపెట్టాడు. ఫోను ఒక చేత, పాన ఒక చేత పట్టుకొని కార్బొరేటర్ కడిగాడు, బ్రేకులు మార్చాడు. గుంటూరు వెళ్ళి పాత సామాన్ల కొట్లో ఒక బ్లోయర్ తెచ్చి, బండిలో ఉన్న పాత గాలి గొట్టానికి బిగించాడు. వైర్లన్నీ ఎర్రగానే ఉండటంతో దొరికినదాన్ని దొరికినదానితో కలిపాడు. ఆ గొట్టంలో పదకొండు పంటల మిరప దుమ్ము పేరుకొని ఉందన్న సంగతి ఏ వీడియోలోనూ లేదు.

ఇక ఆ శనివారం. బండి కోసం ప్రార్థన చేయడానికి జక్రయ్య పాస్టరు గారు వచ్చారు. మాస్టారి భార్య రెబెకా చేమంతి దండ తెచ్చింది. మాబుకు తన ముఖం బాగా కనపడాలని మాస్టారు బండి పైకప్పు గుడ్డను ఊడదీశాడు. దాన్ని పొడుగ్గా చుట్టి, మురికి కాకుండా తెల్ల దుప్పట్లో కట్టి వెనక సీటు పక్కన పడుకోబెట్టాడు. దండ బానెట్ మీద నిలవక జారుతుంటే రెబెకా దాన్ని తీసి ఆ మూట మీద వేసింది. పక్క ఊళ్ళో ప్రార్థన కూడికకు తననూ దించమని పాస్టరు గారు బైబిలుతో సహా ముందు సీట్లో కూర్చున్నారు. రెబెకా మూట పక్కన సర్దుకుంది, ఫోను మాత్రం ఇంట్లో చార్జింగులోనే వదిలేసింది.

షెడ్డు ఇంకో వంద గజాలుందనగా పాస్టరు గారు ఇంజను వేడి కాళ్ళకు కొడుతోందన్నారు. మాస్టారు గర్వంగా బ్లోయర్ స్విచ్చి నొక్కాడు.

ముందు హారన్ మోగింది, ఆగలేదు. హెడ్‌లైట్లు వెలిగాయి. ఆ తరవాత గొట్టంలోంచి ఎర్రటి మేఘం ఒకటి బయటికి వచ్చింది. పాస్టరు గారు బైబిలును గుండెలకు హత్తుకొని భోరుమన్నారు. రెబెకా కొంగు నోట్లో కుక్కుకొని, ఆ మూట మీదికి వంగి ఎక్కిళ్ళు పెట్టింది. మాస్టారు మెడలోని తువ్వాలు ముఖమంతా చుట్టుకొని, స్విచ్చి లాగితే అది ఊడి చేతికి వచ్చింది. బండి ఆపేయవచ్చు. కానీ ఒకసారి ఆపితే తోస్తే తప్ప కదలదు, అదీ మాబు షెడ్డు ముందు. ఆయన ఆపలేదు. ఒక కన్ను సగం తెరిచి ఇంకా గట్టిగా తొక్కాడు. నాలుగు నెలలు ఎదురుచూసిన ఆ క్షణం ఎడమ పక్క నుంచి వెళ్ళిపోయింది, ఆయనకు మాత్రం ఎర్రటి మసక తప్ప ఏమీ కనపడలేదు.

"వాడు చూశాడా?" అని అరిచాడు.

"నాకు మీరే కనపడటం లేదు," అంది రెబెకా.

చూసినవాడు ఒకడున్నాడు. షెడ్డుకు ఎదురుగా టీ తాగుతున్న పేరయ్య. మిరప రైతు, ఊళ్ళో ఏ వార్తయినా ముందు ఆయన ఫోను గుండానే పోవాలి. మాస్టారి బండి, మాస్టారి భార్య ఏడుపు, మాస్టారి పాస్టరు గారి ఏడుపు, తెల్లగుడ్డ కప్పిన పొడవాటి ఆకారం, దాని మీద దండ, పట్టపగలు లైట్లు. తోలేవాడెవరో ముఖానికి గుడ్డ చుట్టుకున్న కొత్త మనిషి. మాస్టారొక్కడే ఎక్కడా లేడు. పేరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. అయినా తొందరపడే మనిషి కాదు కాబట్టి ముందు మాస్టారికే ఫోన్ చేసి చూశాడు. సీటు కిందికి జారిపోయిన ఫోను హారన్ మోతలో ఎవరికి వినపడుతుంది? దాంతో ఆయన అనుమానం తీరిపోయింది.

జిప్సీ ఊరు దాటి, మలుపు దగ్గర రోడ్డు వదిలి, అప్పుడే కాలవ నీళ్ళు పారిన పత్తి చేలో దిగింది. నల్లరేగడి చక్రాలను సగం దాకా పట్టుకుంది. మాస్టారు అలవాటుగా నాలుగు చక్రాల గేరు వేశాడు. షాఫ్టు లేని ముందు చక్రాలు ఉలకలేదు పలకలేదు. చివరికి బ్యాటరీ తీగ పీకితే హారన్ ఆగింది. ముగ్గురూ బోరు దగ్గర గంటసేపు ముఖాలు కడుక్కున్నారు. కడిగేకొద్దీ మంట పెరిగింది, మాస్టారు తడి తువ్వాలు మళ్ళీ ముఖానికి చుట్టుకున్నాడు.

అప్పుడు ఊళ్ళోంచి చర్చి గంట వినిపించింది. ఒక్కొక్క దెబ్బ, ఆగి ఆగి, ఎవరైనా పోతే కొట్టినట్టు. పాస్టరు గారు ఎర్రబడ్డ కళ్ళతో ఆగిపోయారు. మంచంలో ఉన్న పెద్దవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకొని, ఎవరో పాపం అని నిట్టూర్చారు. కూడిక సంగతి మరిచిపోయి, కాలవగట్టు వెంట ముగ్గురూ వడివడిగా వెనక్కి నడిచారు. చావింటికి చేతులూపుకుంటూ వెళ్ళడం బాగుండదని రెబెకా దండ కూడా వెంట తెచ్చింది.

షామియానా మాస్టారి ఇంటి ముందే వేసి ఉంది.

బెంచీల మీద స్కూలు టీచర్లు, చర్చి పెద్దలు, మధ్యలో ఫోను చెవిన పెట్టుకొని పేరయ్య. గుమ్మం మెట్టు మీద మాబు కూర్చున్నాడు. గడ్డం నెరిసింది. ఒళ్ళో పాత లుంగీ గుడ్డలో చుట్టిన ఇనప షాఫ్టు. గ్రీజుతో నిగనిగలాడుతోంది. మాస్టారు తువ్వాలు తీయడం మరిచిపోయి జనం వెనక నిలబడిపోయాడు.

"ఆ వారంలోనే బాగుచేశా," అంటున్నాడు మాబు, ఎవరికీ కాకుండా. "పదకొండేళ్ళు గ్రీజు రాస్తా ఉంచా. ఏరా, అయిందా అని వచ్చి అడుగుతాడనుకున్నా. అడగలా. పెట్టెలో పక్కన పెట్టండి, వాడిదే."

పాస్టరు గారు ఏదో చెప్పబోతే మాస్టారు ఆయన చెయ్యి పట్టుకొని ఆపాడు. ఘాటుకు గొంతు పూర్తిగా పోయింది, సొంత భార్యే పోల్చుకోలేని గొంతు. ముందుకు వచ్చి అడిగాడు.

"ఇందాక బండి షెడ్డు ముందు నుంచి పోయినప్పుడు తలెత్తి చూశావా?"

మాబు ఆయన వైపు చూడలేదు. "తలెత్తడమేంది, లేచి నిలబడ్డా. రోడ్డు చివర ఉండగానే చప్పుడు గుర్తుపట్టా. ఒక ప్లగ్గు సరిగ్గా కొట్టట్లా. వాడి ముఖం చూద్దామని వాకిట్లోకి వచ్చా. కనపళ్ళా."

మాస్టారు తువ్వాలు విప్పాడు.

పేరయ్య మెల్లగా ఫోను చెవి దగ్గర నుంచి దించి జేబులో వేసుకున్నాడు. మాబు చూశాడు, లేచాడు, షాఫ్టు భుజాన వేసుకొని గేటు వైపు నడిచాడు. అచ్చం ఆ ఆదివారం నడిచినట్టే. మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు. ఈసారి పోనిస్తే మళ్ళీ తనకు పదకొండేళ్ళు మిగిలి ఉంటాయో లేదో.

"తప్పు నాదిరా," అన్నాడు, ఊరందరి ముందూ. "తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసింది నేనే. పాన పట్టుకోవడం రానిది నాకే."

మాబు గేటు దగ్గర ఆగాడు. "నాకు తెలీదా?"

"తెలిసి అప్పుడే చెప్పకపోయావా?"

"వినేటట్టు ఉన్నావా?" మాబు ఇటు తిరగకుండానే అడిగాడు. "బండి ఎక్కడ?"

"పత్తి చేలో దిగబడింది."

"ఫోర్ వీల్ వెయ్యలేక..." అనబోయి, తన భుజం మీద ఏముందో గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఇద్దరూ మాబు మోపెడ్ మీద చేను దాకా వెళ్ళారు. మాబు ముందు బ్లోయర్ పీకి బండి వెనక పారేశాడు. వైర్లు చూసి, సైన్సు చెప్పి బతుకుతున్నావా అని ఒక్క మాట అడిగాడు. తరవాత బురదలో వెల్లకిలా పడుకొని షాఫ్టు బిగించాడు. అడిగిన పానలన్నీ మాస్టారు సరిగ్గానే అందించాడు, ఒకటి తప్ప. నాలుగు చక్రాలూ తిరిగి జిప్సీ గట్టెక్కింది. రోడ్డు మీదికి రాగానే, మాబు చెప్పకముందే మాస్టారు ఆ గేరు తీసేశాడు. అది చూసి మాబు ముఖం అటు తిప్పుకున్నాడు.

సెంటర్లో షామియానా సామాను రిక్షాలోంచి దించుతున్న పేరయ్యకు జిప్సీ కనపడింది. ముందు సీట్లలో మాస్టారు, మాబు. ఇద్దరికీ కళ్ళ వెంట ధారలు కారుతున్నాయి. పేరయ్య చెయ్యి జేబు దాకా వెళ్ళి, ఆగింది. మిరప దుమ్ము సంగతి పాస్టరు గారు అప్పటికే చెప్పారు. ఇంకా ఆ బ్లోయర్ ఆపలేదే వీళ్ళు, అనుకొని తన పనిలో తాను పడ్డాడు.