పెళ్లి చేప తోక కొరకు జరిగిన మహాసంగ్రామము

వినుడు, వేళ్ల సందుల్లో ఉప్పు పేరుకొన్న జనులారా! మిగతావారు కూడా వినవచ్చు, చోటుంది.

మధ్యధరా మహార్ణవ మధ్యమున, స్ఫాక్స్ రేవునుండి ఓడలో గంట పైచిలుకు దూరమున, ఖర్జూర తరు సహస్ర విరాజితమై, నడుము లోతు జలములచే పరివేష్టితమై, ఎత్తు గురించి మాత్రం గొప్పలు చెప్పుకోవడానికి బొత్తిగా వీల్లేని మా కెర్కెన్నా ద్వీపమునందు, వసంతర్తువు నడిమిని, ఆటు మొదలై నీరు వెనుకకు జారుచున్న ఒకానొక ఉదయమున, సప్తతివర్షీయుడును, ఏకాదశ దంతుడును, ఎర్ర ఉన్ని టోపీయే కిరీటముగా గలవాడును అగు రయీస్, అనగా పడవ పెద్ద, హమ్మూదా యుద్ధసన్నద్ధుడై పడవ నెక్కెను.

ఆయన రాజ్యము ఒక షర్ఫియా. అనగా, సముద్రపు అడుగున ఖర్జూరపు మట్టలు వరుసగా నాటిన కంచె. ముత్తాత నాటిన చోటనే తాత, తాత నాటిన చోటనే తండ్రి, తండ్రి నాటిన చోటనే ఈయన ఏటేటా నాటుచు వచ్చిరి. వెనుదిరుగు నీటితో కొట్టుకువచ్చు సమస్త జీవకోటిని ఆ కంచె మర్యాదగా చెయ్యి పట్టుకుని నడిపించి, చివరనున్న మట్టల గదిలోనికి, అటనుండి బుట్టలోనికి దిగవిడుచును. తరుమనక్కరలేదు, వెదకనక్కరలేదు. అటు పక్క నీళ్లలో ఏది పడినా ఇటు పక్క బుట్టలో తేలవలసినదే.

ఆనాడు ఆయన మనుమరాలు ఎమ్నా పెళ్లికి మూడవ దినము. మూడవ దినమున, మా ఆచారము చొప్పున, పెళ్లికూతురు ఒక పెద్ద చేపను ఏడుమార్లు దాటవలెను. ఆ చేప తల మొదలు తోక వరకు వెలితి లేక యుండవలెను. ఉన్నదో లేదో పెళ్లికొడుకు నాయనమ్మ లల్లా త్రాకీ స్వయముగా తడిమి చూచును. ఆమెకు చూపు ఆనదు గాని, వేళ్లకు మాత్రం అన్నీ ఆనుతాయి.

"స్ఫాక్స్ నుంచి ఐసు పెట్టెలో ఒకటి తెప్పిస్తే పోలా?" అని ముందు రోజు భార్య సాల్హా అడిగింది.

"ఐసు చేప మీంచి నేను దూకను," అంది ఎమ్నా. "తాతా, నా చిన్నప్పుడు మాటిచ్చావు. మన కంచెలో పడ్డ చేపేనన్నావు."

ఇచ్చిన మాట నిజమే. కాని ఆ కంచెలో రెండు దినములుగా ఒక్క నిండు చేప లేదు. ఏలయన, శత్రువు వచ్చియుండెను.

ఆ శత్రువు నీలి పీత. తూర్పు సముద్రములనుండి సూయెజ్ కాలువ గుండా, పిలుపు లేకుండా, చుట్టరికం లేకుండా వచ్చి మా నీళ్లలో స్థిరపడిన జాతి. మా బూరీ చేపలను కొరుకును, మా నాటు పీతలను నమిలి మింగును, మా వలలను దర్జీ కంటె నేర్పుగా కత్తిరించును. మా ఆక్టోపస్‌లు దానిని ఇష్టంగానే తింటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కాని అవి ఒకదాన్ని తిని మూతి తుడుచుకునేలోపు అది ఊరంత సంతానాన్ని కంటుంది.

ఆ నీలిసేనలోను ఒకడు మహావీరుడు. వాని కుడి డెక్క మీద ఒక నొక్కు. వెనుక కాలికి, హమ్మూదా వలనుండి తెంపిన ఎర్రదారము, కంకణము వలె. మొన్న వాడు బుట్టలో ఒక చేపను సగము భక్షించెను. హమ్మూదా వానిని పట్టి, పడవలో నిలిచి, "పో! వచ్చిన దారినే పో!" అని సముద్రములోనికి విసిరెను. కోసి వండుకొనవచ్చును గదా అందురేమో. ఆ పురుగు నా ఇంటి కుండ తొక్కరాదని ఆయన ఒట్టు పెట్టుకొనియుండెను. నిన్న వాడే మరల వచ్చి రెండు చేపలను సగము సగము చేసెను. హమ్మూదా మరల విసిరెను, ఈసారి ఇంకొంచెము గట్టిగా.

నేడు నడుము లోతు నీటిలో దిగి బుట్ట నెత్తగా, ఆహా! మూరకు మించిన బూరీ చేప, రజతకాంతి విలసితము, అఖండము, అక్షతము! ఆయన గుండె గంతులు వేసెను. మరుక్షణమున చేప వెనుకనుండి ఎర్రదారము కనబడెను. నొక్కుడెక్క పైకి లేచియుండెను. ఎడమ డెక్క అప్పటికే తోకను పట్టియుండెను.

అప్పుడు హమ్మూదా, "ఓరీ పరదేశ కర్కటకులాధమా! వివాహమంగళార్థమై పుట్టిన మీనరాజ పుచ్ఛమును స్పృశించు నీ దుర్మదమెంత! విడిచితివా బ్రతికితివి, విడువకున్న నీ కవచమును పటాపంచలు గావించెద!" అని అర్థము వచ్చునట్లు, "ఒరేయ్, వదలరా! పెళ్లి చేపరా అది!" అని అరిచెను.

పీత కాడల మీది కన్నులు రెండు అటు ఇటు త్రిప్పెను. "రాజా! నన్నేల నిందింతువు? నీవు విసరితివి, నీ కంచె తెచ్చినది," అనినట్లుండెను ఆ చూపు. హమ్మూదాకు పీతల భాష రాదు. వచ్చియుంటే చాలా శ్రమ తప్పేది.

వెంటనే ఆయన సహాయసేనను రప్పించెను. పడవలో మట్టికుండ, కుండలో ఉదయమే దొరికిన బలిష్ఠమైన ఆక్టోపస్. దానిని బుట్టలోనికి దింపి, "కానీయ్, నీకిష్టమైన తిండే!" అని ప్రోత్సహించెను. ఆ అష్టబాహువు చేపను చూచెను, పీతను చూచెను, హమ్మూదాను చూచెను. పిమ్మట ఆయన ముఖమున సిరా చిమ్మి, బుట్ట దాటి, కంచె నెక్కి, అవతలి నీటిలోనికి జారి ఇంటికి పోయెను. బహుశా ఆకలి లేదేమో.

ఇక మిగిలినది ద్వంద్వయుద్ధము. ఆయన లాగెను, వాడు బిగించెను. ఆయన బొటనవేలు నొక్కుడెక్కకు మూడుమార్లు చిక్కెను. నాలుగవమారు లాగగా తోక చిటుక్కుమనెను. హమ్మూదా కొయ్యబారిపోయెను. లాగినచో తోక ఊడును, లాగకున్న పీత ఊడదు. ఊరుకొన్నచో వాడు ఖాళీగానున్న కుడి డెక్కతో తోకను తుంచి నోట బెట్టుకొనును. అప్పుడా మహానుభావుడు తన పెళ్లినాడు పెట్టుకొన్నది మొదలు ఎవరి ముందును దింపని తన ఎర్ర టోపీని దింపి, ఆ కుడి డెక్కకు అందించెను. పీత దానిని గట్టిగా పట్టుకొనెను. రెండు చేతులూ నిండాయి. యుద్ధము ఆగినది.

బట్టతలతో, ఒక చేప, ఒక పీత, ఒక టోపీ ఏకముగానున్న పళ్లెముతో ఆయన ఇంటి ముంగిట అడుగుపెట్టగా ఆడవాళ్లందరూ నోళ్లు వెళ్లబెట్టారు. లల్లా త్రాకీ చాప మీద కూర్చుని తడమడం మొదలుపెట్టింది.

"తల ఉంది. మొప్పలున్నాయి. రెక్కలున్నాయి. ఇదేంటి, ఉన్నిలా ఉంది?"

"నా టోపీ, లల్లా," అన్నాడు హమ్మూదా.

"మరి తోకేది?"

"ఉంది. వాడి చేతిలో ఉంది."

"తిన్నాడా?"

"లేదు లల్లా, పట్టుకున్నాడంతే."

ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరే, పిల్లని దూకనివ్వండి. వాడు వదిలాక మళ్లీ చూస్తా. అప్పుడు ఏ కొంచెం తగ్గినా ఈ చేప చెల్లదు."

ఎమ్నా పట్టుచెరగు ఎత్తిపట్టి దూకెను. మా ద్వీపమున ఇన్నేళ్లలో ఏ పెళ్లికూతురూ అంత ఎత్తు దూకలేదు. ఒకటి, రెండు, ఆరు. ఏడవమారు ఆమె గాలిలో నుండగా పీత టోపీని పారవైచి నొక్కుడెక్కతో చెరగుకు గురిపెట్టెను. అంతలో ఆడవారందరును ఒక్కపెట్టున నాలుకలాడించి మంగళధ్వని చేసిరి. ఆ ధ్వనికి దిగ్గజములు బెదరెనో లేదో తెలియదు గాని పీత బెదరి, రెండు డెక్కలూ విప్పి, నేల మీద పడి, అడ్డంగా పరుగెత్తెను.

లల్లా త్రాకీ తోకను ఒక కొననుండి ఇంకొక కొన వరకు తడిమింది.

"రెండు నొక్కులున్నాయి," అంది.

హమ్మూదా కళ్లు మూసుకున్నాడు.

"ఉంటే ఉన్నాయిలే. కాపురం చేసేవాళ్లకి ఆ మాత్రం నొక్కులు తప్పవు. తోక మొత్తం ఉంది!"

ఎమ్నా పరుగున వచ్చి తాత బట్టతల మీద ముద్దు పెట్టింది. ఆ మహావీరుడు అందరి ముందూ భోరుమని ఏడ్చాడు, సిగ్గుపడలేదు. ఆ పిమ్మట పీతను పట్టి, పడవకేసి నడచెను.

"ఎటు పోతున్నావ్, రయీస్?" అని సాల్హా వాకిట్లోంచి కేకేసింది.

"వీణ్ని సముద్రంలో పారేసి వస్తా."

"మొన్నెక్కడ పారేశావ్?"

"కంచె అవతల."

"నిన్న?"

"అక్కడే."

"ఆ కంచె దేనికి కట్టారయ్యా మీ ముత్తాత?"

నాలుగు తరాల పనితనము ఎంతటిదో హమ్మూదాకు ఆ క్షణముననే పూర్తిగా బోధపడెను. ఒట్టు సంగతి ఒక్కసారి తలచుకొనెను, వాచిన బొటనవేలును చూచుకొనెను.

"కుండ పొయ్యి మీద పెట్టు," అన్నాడు.

ఆ మధ్యాహ్నము ఎర్రమిరప పులుసులో, కుస్‌కుస్ అను గోధుమరవ్వ అన్నము పక్కన, నొక్కుడెక్క కానవచ్చెను. రుచి గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. రెండో డెక్క మాత్రం అడిగి పెట్టించుకున్నాడు.

కావున జనులారా! నాల్గవతరపు కంచెపాలకుడు రయీస్ హమ్మూదా, ఏకాంగవీరుడై, క్షతాంగుష్ఠుడై, కిరీటమును సైతము పణముగా నొడ్డి, జానెడు చేప తోకను, రెండు నొక్కులతో సహా, సంపూర్ణముగా జయించెనని సమస్త తీరములకు ఇందుమూలముగా చాటడమైనది. టోపీకి మాత్రం డెక్క దిగినచోట కన్నం పడింది. సాల్హా సూది పట్టుకుని ఎన్నిసార్లు అడిగినా ఆయన దాన్ని కుట్టనివ్వడం లేదు.