ట్రామ్‌ను కాపాడిన మంత్రిగారు

"మన ట్రామ్ మన వారసత్వం. దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటాం. అందుకే రేపటి నుంచి నడపం!" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. సభంతా చప్పట్లు. వెనక వరసలో నిలబడ్డ ట్రామ్ డ్రైవరూ కొట్టాడు. తన ఉద్యోగం ఊడిందని అర్థమయ్యేలోపే చేతులు వాటి పని అవి చేసేశాయి.

మంత్రిగారి ముందుచూపు అలాంటిది మరి. ట్రామ్ కదిలితే దాన్ని నిలిపే పాతకాలపు షెడ్డు అదురుతుంది. అదిరితే ఇనుప కమానులు, రంగుటద్దాల కప్పు పాడవుతాయి. షెడ్డు బాగుండాలంటే బండి ఆగాల్సిందే. ఇంత చిన్న విషయం షెడ్డు కట్టినవాళ్లకు తట్టలేదు, పాపం.

వారం తిరక్కుండా పట్టాలు పీకేశారు. డ్రైవరు ట్రామ్ డిపో మేనేజరు గది ముందు పడిగాపులు కాశాడు.

"సార్, పిల్లలున్నవాణ్ణి. నా సంగతేంటి సార్?"

"నీకేమయ్యా, మహారాజువి! యూనిఫాం వేసుకుని ట్రామ్‌లో కూర్చో. ఇప్పుడు నువ్వూ హెరిటేజే. కాకపోతే మంత్రిగారికి నచ్చాలి. నచ్చకపోతే ఇంటికే."

షెడ్డులో నిలబెట్టిన ట్రామ్‌కు ప్రారంభోత్సవం రోజు డ్రైవరు యూనిఫాం వేసుకుని తన సీట్లో కూర్చున్నాడు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, కిటికీ పక్కన కూర్చున్నారు. అద్దం అవతల కట్టిన తెర మీద వీధులు వెనక్కి పరిగెత్తాయి. డ్రైవరు అలవాటు కొద్దీ కాలితో గంట కొట్టి, ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేకపోయినా "జరగండి, జరగండి!" అని కేకేశాడు. మంత్రిగారు హాయిగా ఓ కునుకు తీసి, ఎక్కిన మెట్ల మీంచే దిగారు.

"అబ్బ! ఒక్క కుదుపు లేదు, ఎక్కడా ఆగింది లేదు. ఇంతకీ ఇది ఏ స్టాపయ్యా?"

డ్రైవరు నోరు తెరిచేలోపు మేనేజరు అందుకున్నాడు. "తమరు ఎక్కడ దిగాలంటే అదే సార్."

మంత్రిగారు పొంగిపోయారు. "అయితే రెండో లైను కూడా శాంక్షన్! ఊరి ఆ చివర ఇలాంటిదే ఇంకో షెడ్డు, ఇంకో ట్రామ్. పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ. రెండింటికీ ఇతనే డ్రైవరు."

డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం నిలబడింది. ఊరి ఆ చివరంటే మొన్నటిదాకా తను రోజూ బండి నడిపిన దారిలో ఆఖరి స్టాపే. అంతలోనే ఓ అనుమానం పట్టుకుంది.

"సార్, అటువైపు బస్సులు కూడా లేవు. ఇక్కణ్ణుంచి అక్కడికి రోజూ ఎలా వెళ్లాలి సార్?"

మంత్రిగారు నవ్వి అతని భుజం తట్టారు.

"ట్రామ్ డ్రైవరువై ఉండి అడుగుతావేంటయ్యా? ట్రామ్‌లో వెళ్లు."