చింతపండుకు లైన్ క్లియర్

ఆ సోమవారం ఉదయం అచ్చియమ్మ వేసుకున్న కార్యక్రమంలో ప్రమాదకరమైనదేదీ కనిపించదు. స్నానం, వంట, బడి; బడిలో మూడో గంటకు పిల్లలకు ఒక అబద్ధం చెప్పడం.

అబద్ధం ఎంపికకు ఆమె చాలా శ్రమపడింది. 1943లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అబద్ధాలకు కొరత లేదు. యుద్ధం మొదలైన నాటి నుంచి ప్రతి బండీ ప్రయాణికులతో పాటు ఒక వదంతిని దింపి వెళ్తోంది. బజారులో నాలుగు వంకాయలు కొనవలసి వస్తే ఒక్కొక్కదాన్నీ తిప్పి, ముచ్చిక పట్టి చూసే జనం, మాటను మాత్రం చూడకుండా పుచ్చుకుని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఈ సంగతి అచ్చియమ్మకు ఒళ్లుమంట. అందుకే తెలుగు బడిలో ‘పౌరధర్మం’ అని కొత్తగా ఒక గంట పెట్టించి, విన్న మాటను పరీక్షించడం ఎలాగో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది.

గురువారం ఇన్‌స్పెక్టరు గోవిందరావుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయనకు పాఠం నచ్చితే ఆ గంట నిలుస్తుంది, సైన్యంలో చేరిన మాస్టరు స్థానంలో తాత్కాలికంగా పనిచేస్తున్న అచ్చియమ్మ ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే పార్వతీపురంలో అన్నగారి వంటగది ఉండనే ఉంది. అది ఆమెకోసం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందని వదినగారు ప్రతి సెలవుల్లోనూ ప్రేమగా గుర్తుచేస్తూనే ఉంటుంది.

"మన స్టేషను మాస్టరు బండిని ఎప్పుడు వదులుతాడు?" అని అడిగింది అచ్చియమ్మ.

"లైన్ క్లియర్ వొచ్చినాక," అని తరగతి అంతా ఒక్క గొంతుతో అంది. రైలు పిల్లలు, అక్షరాలకంటే ముందు సిగ్నళ్లు నేర్చినవాళ్లు.

"ఎవరిస్తారు?"

"ముందు టేసనోలు."

"దారి ఖాళీగానే ఉందిలెండి అని టీ కొట్టు దగ్గర ఎవరో చెబితే చాలదా?"

"సాలదు. ఒదిల్తే గుద్దీసుకుంటాయి," అంది చిన్నతల్లి. గూడ్సు గార్డు పైడిరాజు కూతురు. ప్రశ్న అడగడంలో గాని, జవాబు చెప్పడంలో గాని మొహమాటం తెలియని పిల్ల.

"మాట కూడా బండిలాంటిదే. లైన్ క్లియర్ రాకుండా నోట్లోంచి వదలకూడదు. ఇప్పుడు నేనొక వార్త చెబుతాను. యుద్ధం సామాన్లు మోసే వ్యాగన్ల ఇనుమును చింతపండు పులుపు తినేస్తోందట. అందుకని వచ్చే నెల నుంచి రైల్లో చింతపండు ఎక్కించరట. ఇది నిజమో కాదో ఎలా తెలుసుకుంటారు? ఇంట్లో పెద్దవాళ్లతో ఆలోచించి రండి. జవాబు రేపు."

అబద్ధమని ముందే చెబితే పరీక్షకు అర్థం ఉండదు గనక చెప్పలేదు. ఇంత తెలివితక్కువ మాటను ఎవరూ నమ్మరని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారమేమిటని తనను తాను అడగలేదు. చుట్టుపక్కల ఊళ్లలో చింతచెట్లు విరగకాసి ఉన్నా, విజయనగరం, బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు అది చింతపండు కాదు, ఉత్త పులుపు. అసలు చింతపండు విజయనగరం బండి దిగాలి. ఆ బండి మీద చెయ్యి వేసే వార్త ఏదైనా, కాలనీలో వంటింటి గుమ్మం దాకా పరుగెత్తుకుని వస్తుంది.

ఇక ‘రేపు’ అన్నది ఆమె చేతిలో లేదు. ఆ సాయంత్రం హెడ్మాస్టరు జగన్నాథంగారు, ఇన్‌స్పెక్టరు కంటికి బడి తెల్లగా కనబడాలని గోడలకు సున్నం వేయించ తలపెట్టి, గురువారం దాకా సెలవిచ్చేశారు. అబద్ధం ఊళ్లోకి వెళ్లింది. జవాబు అచ్చియమ్మ దగ్గరే ఉండిపోయింది.

చిన్నతల్లి ఇంటికి వచ్చేసరికి తల్లి అప్పలనర్సమ్మ పెరట్లో కూర్చుని చింతపండుతో ఇత్తడి బిందె తోముతోంది.

"అమ్మా, సింతపండు ఇనుముని తినెస్తాదేటి?"

"ఎవులన్నారే?"

"పంతులమ్మగారు. రైల్లో ఇంక ఎక్కించరంట. నిజిమో కాదో పెద్దోల్ని అడగమన్నారు."

అప్పలనర్సమ్మ బిందె వంక చూసింది. మడ్డి అంతా నల్లగా కారిపోతోంది. లోపలి నుంచి ఇత్తడి బంగారంలా బయటపడుతోంది.

"నిజిమేనే. ఇత్తడిని ఇలగ కొరికీసినది ఇనుముని ఒదుల్తాదేటి?"

ప్రశ్న సరైనది, ప్రయోగం కళ్లెదుటిది, తేలిన ఫలితం మాత్రం శుద్ధ తప్పు. పండితులకు కూడా తరచు జరిగేదే గనక ఆమెను నిందించడం న్యాయం కాదు. నిందించవలసింది ఆ తరువాతి పనికి. బిందె అలాగే వదిలేసి, సంచీ పట్టుకుని సదర్ బజారుకు బయలుదేరింది. దారిలో మనవాళ్లకు మాత్రమే చెప్పింది. వాళ్లుండే తార్‌బహార్ పేటలో ఆమెకు మనవాళ్లు కానివారు లేరు.

"క్యా బాత్ హై బాయీ, ఇంత ఇమ్లీ ఎందుకు? ఇంట్లో పెళ్లా?" అన్నాడు కిరాణా సేఠు.

"పెళ్లి కాదు సేఠ్‌జీ, మీరు తూకం ఎయ్యండి ముందల. ఎనకాల వొచ్చీవోల్లకి లేదని సెప్పీయండి."

వెనకాల వచ్చినవారికి సేఠు సరిగ్గా ఆ మాటే చెప్పాడు. అంతవరకు ఊరికే వచ్చినవారు కంగారుపడ్డారు. సరుకు కోసం సేఠు పక్క ఊరు తఖత్‌పూర్‌కు ఎడ్లబండి పంపితే, బండి ఖాళీగా వెళ్లడం చూసినవాళ్లు తఖత్‌పూర్‌లోనూ చింతపండు లేదని గ్రహించారు. ఎలా గ్రహించారని అడిగినవారు లేరు.

పైడిరాజు ఆ సాయంత్రమే గూడ్సు తీసుకుని చాంపా వెళ్లాడు. అక్కడ గార్డులు బస చేసే గదిలో, భార్య కట్టిన పప్పుచారు క్యారియరు విప్పుతూ, ఇది ఇంక ఎన్నాళ్లో తినలేమని అందరి ముందూ నిట్టూర్చాడు. బుధవారం ఉదయం అతను తిరుగు బండి ఎక్కేవేళకు చాంపా తెలుగువాళ్లు బజారు ఖాళీ చేసి ఉన్నారు. టీ కొట్టువాడు అతన్ని పక్కకు పిలిచి, చింతపండు సంగతి విన్నావా అని గుసగుసలాడాడు.

"ఇది ఒట్టి మాట కాదే," అన్నాడు పైడిరాజు, ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండానే. "చాంపాలో కూడా అదే అంటన్నారు. నాను అడక్కండానే సెప్పినారు."

"అడక్కండా సెప్పినారంటే మరి ఖాయిమే," అంది అప్పలనర్సమ్మ.

"లైన్ క్లియర్ వొచ్చీసినాది," అంది చిన్నతల్లి ఉత్సాహంగా.

రెండు స్టేషన్లు ఒకే మాట అన్నాయి. రైలు కుటుంబానికి అంతకు మించిన ప్రమాణం లేదు. తను తీసుకువెళ్లిన బండే తిరిగి తనకు ఎదురువచ్చిందని, రోజూ వ్యాగన్ల వెనక దీపం తగిలించే గార్డుకు తోచలేదు.

అక్కడి నుంచి మాటకు అడ్డు లేకపోయింది. ఇంజన్ల షెడ్డులో ఒక ఫిట్టరు ఇంజను ఇత్తడి పలక మీద చింతపండు రుద్దితే అది తళతళలాడింది. చూసినవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. చారు తిన్న చేత్తో ఇంజను నడిపే రెగ్యులేటరు ముట్టుకుంటే జరిమానా వేస్తారన్నారు. ఇద్దరు ఫైర్‌మన్లు డ్యూటీకి ముందు మజ్జిగన్నం తిని వెళ్లారు. మజ్జిగ కూడా పుల్లనిదేనన్న విషయం షెడ్డులో ఎవరూ ఎత్తలేదు.

అచ్చియమ్మకు ఇదంతా బుధవారం మధ్యాహ్నం, చారులోకి చింతపండు కొనబోయినప్పుడు తెలిసింది. ఖాళీ చేతులతో తిరిగి వస్తుంటే అప్పలనర్సమ్మ గుమ్మంలోంచి పిలిచి, కొంగు చాటు నుంచి ఒక ఉండ తీసి ఇచ్చింది.

"పంతులమ్మా, మీ దయవల్ల మాకు ముందల తెలిసినాది. మీకని దాచినాను. ఎవులకీ సెప్పకండి."

"అది అబద్ధం, అప్పలనర్సమ్మా. పిల్లల పాఠం కోసం నేనే కల్పించాను."

"అలగనకండి. మీలాంటోలు అబద్ధం ఆడతారేటి? మా ఇంటాయన కూడా చాంపాలో ఇన్నాడు."

అచ్చియమ్మ సత్యసంధత మీద ఊరికున్న గౌరవమే ఆమె అబద్ధానికి సాక్ష్యంగా నిలబడింది. ఆమె నేరుగా బడికి వెళ్లింది. జగన్నాథంగారు మీసాల మీద సున్నంతో ఎదురై, తలుపు వేసి, గొంతు తగ్గించారు.

"విన్నారా? రాయపూర్ నుంచి కూడా రూఢి అయింది."

"మాస్టారూ, ఆ వార్త సోమవారం మూడో గంటకు, ఈ గోడల మధ్య పుట్టింది. పుట్టించింది నేను."

"అచ్ఛా. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కల్పించానంటున్నాను."

"ఎవరూ చెప్పకుండా ఇంత కచ్చితంగా ఎలా తెలిసిందండీ? ఎక్కడో విని ఉంటారు, మరిచిపోయారు." కాసేపు ఆలోచించేసరికి ఆయన ముఖం గోడ రంగుకు వచ్చింది. "స్టేషనులో పోలీసు నోటీసు చూశారా? వదంతి పుట్టించినవాళ్లకు జైలట. వార్త నిజమైతే మీకు ముప్పు లేదు. అందుకని, అమ్మా, నిజమనే ఉండనిద్దాం."

అచ్చియమ్మ ఆయన వంక చూసిన చూపుకు పచ్చిసున్నం కూడా ఎండిపోయి ఉండాలి. "రేపు ఇన్‌స్పెక్టరుగారి ముందు పాఠం పూర్తి చేస్తాను," అంది. "ఉద్యోగం పోతే పోనీండి. జవాబు బాకీ పడి నేను ఊరు వదలను."

గురువారం గోవిందరావుగారు కోటు బొత్తాలన్నీ పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పటంలో నది పక్కకు జరిగినందుకు ఒక మాస్టరును ఇంటికి పంపిన మనిషి. అచ్చియమ్మ నల్లబల్ల మధ్యలో ‘చింతపండు’ అని రాసింది. గోవిందరావుగారు ఉలిక్కిపడ్డారు. ఆమె చూడలేదు.

"ఈ వార్త నిజమన్నవాళ్లు చెయ్యెత్తండి."

తరగతి అంతా ఎత్తింది. గుమ్మంలో నిలబడ్డ జగన్నాథంగారి చెయ్యి కూడా సగం లేచి ఆగింది.

"చిన్నతల్లీ, మీ ఇంట్లో ఎవరు రూఢి చేశారు?"

"మా అయ్య. ఆయనికి చాంపా టీ కొట్టోడు సెప్పినాడు."

"అతనికి?"

పిల్ల ఇంటి దగ్గర ఊరుకోలేదు. ప్రశ్న తండ్రిని అడిగింది, తండ్రి ఆ రాత్రే చాంపా నుంచి వచ్చిన గార్డును అడగవలసివచ్చింది. "గార్డుల గదిలో వొంటోడు. వొంటోడికి..." చిన్నతల్లి ఆగి, తనే తెల్లబోయింది. "మా అయ్యే."

"మీ అయ్యకు?" "అమ్మ." "అమ్మకు?" "నాను."

అచ్చియమ్మ ఒక్కొక్క పేరూ రాసి గీత కలుపుతోంది. రాయపూర్ గీత ఒక డ్రైవరు మీదుగా షెడ్డుకు, షెడ్డు నుంచి ఒక కుర్రాడి అన్నకు, వాడి నుంచి వెనక బెంచీకి వచ్చింది. సేఠు గీత, తఖత్‌పూర్ గీత, మజ్జిగ గీత అన్నీ అటూ ఇటూ తిరిగి ఒక్కచోటికే చేరాయి. పిల్లలు ఒక్కొక్కరే బెంచీల మీదికి ఎక్కి, గీత ఎటు వెళ్తుందో ముందుగానే అరుస్తున్నారు. బడిలో అంత సందడి ఎన్నడూ లేదు.

"అన్ని బండ్లూ ఈ గదిలోంచే బయలుదేరాయి," అంది అచ్చియమ్మ. "రెండో స్టేషను ఒప్పుకుందని మురిశారు. రెండో స్టేషనుకు చెప్పింది మనమే."

"మరి మీకు ఎవులు సెప్పినారండి?" అంది చిన్నతల్లి.

"ఎవరూ చెప్పలేదు. పరీక్ష కోసం నేను కల్పించిన అబద్ధం. జవాబు మంగళవారం చెప్పవలసింది. చెప్పలేకపోయాను. సెలవిచ్చినా ఇంటింటికీ వెళ్లి చెప్పి ఉండాలి."

గోవిందరావుగారు లేచారు. కుర్చీ వెనక్కి పడింది. "యుద్ధకాలంలో, ప్రభుత్వ జీతం తింటూ, వదంతి పుట్టిస్తారా? రాయపూర్‌లో విన్నప్పుడే అనుకున్నాను, దీని వెనక ఎవరో ఉన్నారని. మీ ఉద్యోగం సంగతి..."

"మీరూ ఇన్నారాండి?" చిన్నతల్లి సుద్దముక్క తీసుకుని అప్పటికే బల్ల దగ్గర ఉంది. "మీకు సెప్పింది ఎవులండి? మీరు ముందు టేసన్ని అడిగినారాండి?"

గోవిందరావుగారు కోటు బొత్తాలు సవరించుకుంటుండగా ఆయన బంట్రోతు గుమ్మంలోకి వచ్చి సలాము చేశాడు. "సాబ్, తఖత్‌పూర్ నుంచి సేఠు బండి తెచ్చిన ఇమ్లీ కా బోరా బహుత్ భారీ హై. టాంగాలో ఎక్కించెయ్యనా, మీకు చూపించి ఎక్కించనా?"

ఇమ్లీ అంటే చింతపండని, బోరా అంటే బస్తా అని తెలియని బిడ్డ ఆ తరగతిలో లేదు. ఎవరూ నవ్వలేదు. పరీక్షలో ఉన్న పిల్లల్లా శ్రద్ధగా ఇన్‌స్పెక్టరుగారి వంక చూశారు. చిన్నతల్లి బల్ల మీద ‘గోవిందరావుగారు’ అని గుండ్రంగా రాసి, రాయపూర్ గీతకు కలిపి, ‘గారు’ ఉందో లేదో మరోసారి సరిచూసుకుంది.

గోవిందరావుగారు పడిన కుర్చీని తనే లేపుకుని కూర్చున్నారు.

"ఆ బల్ల తుడవవచ్చునా?" అని అడిగారు, అంతకుముందు ఎవరూ వినని గొంతుతో.

"పిల్లలు రాసుకున్నాక," అంది అచ్చియమ్మ.

ఆయన ముందు రెండు దారులున్నాయి. వదంతి పుట్టించినందుకు అచ్చియమ్మ మీద రిపోర్టు రాస్తే, అది ఎంత దూరం వెళ్లిందో, ఎవరెవరు నమ్మారో కూడా రాయాలి. సాక్షులుగా తరగతి అంతా ఉంది. రెండో దారి సుఖమైనది. అలాంటి చోట విద్యాశాఖ ఎన్నడూ తడబడలేదు. పౌరధర్మం గంట అత్యంత ప్రయోజనకరమని, దాన్ని కొనసాగించాలని, అచ్చియమ్మ ఉద్యోగం ఖాయం చేయాలని ఆయన అక్కడే కూర్చుని రాసి సంతకం చేశారు. లేచి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఇది పిల్లలకంటే పెద్దవాళ్లకు అవసరమనుకుంటానండీ," అన్నారు నేల చూస్తూ. "శనివారం శనివారం సాయంత్రాలు పెద్దలకు కూడా చెప్పండి. కాలనీ అంతా రావాలని నేను చెప్పానని చెప్పండి."

ఆ శనివారం అచ్చియమ్మ చాపలు పరిపించి, దీపాలు తుడిపించి కూర్చుంది. ఒక్కరూ రాలేదు, పెద్దల తరగతి రద్దయిందని చాంపాలో కూడా చెప్పుకున్నారట.