నూకమ్మ వేలిముద్ర, నూకమ్మ సంతకం

దేశం బాగుపడాలంటే డబ్బు లేనివాళ్లు పొదుపు చేయాలి. ఈ సంగతి డబ్బున్నవాళ్లందరూ ఏనాడో ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానాన్ని భిలాయ్‌లో అమలుపరిచే బరువును పవర్‌హౌస్ మార్కెట్లో, సైకిళ్ల దుకాణం మీది మేడగదిలో ఉండే శ్రమజీవి అల్ప పొదుపు సహకార సమితి తన నెత్తిన వేసుకుంది. రోజుకి రెండు రూపాయలు కట్టగలిగిన ప్రతి మనిషినీ తన సభ్యుడిగా చేసుకుంది. కట్టలేనివాళ్లకి పొదుపు మీద ఒక కరపత్రం ఇచ్చింది.

నేను స్టీలు ప్లాంటు టైమాఫీసులో గుమాస్తాని. పేరు గోపాలం. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో ఇరవై రెండేళ్లుగా రాస్తున్నవాణ్ణి కాబట్టి రూలంటే నాకు భక్తి. అందుచేత ఈ కథలో నేను నూకమ్మ పక్షమూ కాదు, సమితి పక్షమూ కాదు. ఫైలు పక్షం.

నూకమ్మ మా వెనక లైను క్వార్టర్లో ఉంటుంది. విజయనగరం దగ్గర ఊరు. పెనిమిటి నరసింగరావు కోక్ ఓవెన్లలో ఖలాసీ. జీతం తెచ్చి ఇంటి ఖర్చు ఆవిడ చేతిలో పెడతాడు, మళ్లీ అడగడు. ఆ ఖర్చులోంచి ఆవిడ రోజుకి రెండు రూపాయలు మిగిల్చేది. సుపేలా సంతకి ఆటో ఎక్కకుండా నడిచి వెళ్తే ఒకటిన్నర, కొత్తిమీర కొసరు అడిగి తెచ్చుకుంటే పావలా, మిగిలిన పావలా ఎలాగోలా. సాయంత్రం చిట్టిబాబు అనే ఏజెంటు మోపెడ్ మీద వచ్చి, ఆ రెండు రూపాయలూ తీసుకుని, పాస్‌బుక్కులో గీత గీసి వెళ్లేవాడు. తొంభై రెండులో ఖాతా తెరిచినప్పుడు ఆవిడకి చదువు రాదు. బొటనవేలి ముద్ర వేసింది. మూడున్నరేళ్లలో వడ్డీతో కలిపి రెండువేల ఆరువందల పదకొండు రూపాయలైంది. నరసింగరావుకి ఈ సంగతి తెలియదు.

ఆ ఏప్రిల్లో సెక్టార్ తొమ్మిదిలో ఉండే ఆఫీసరు రామమోహనరావుగారు రిటైరయ్యారు. ఆదివారం సామాన్లు లారీకెక్కించి విశాఖపట్నం వెళ్లిపోతున్నారు. రాతి గ్రైండరు లారీలో వేస్తే చోటు తింటుందని, ఆయన భార్య మణిమాలగారు దాన్ని రెండువేల రెండువందలకి అమ్మేస్తామన్నారు. కొత్తదైతే ఆరువేలు. నూకమ్మ ఆ ఇంట్లో పండగలకి పిండివంటలు చేసి పెట్టిన మనిషి. ఆ గ్రైండరు తిరగడం చూసినప్పుడల్లా లైనులో ఇంటింటికీ ఇడ్లీ పిండి అమ్మితే ఎంత వస్తుందో మనసులో లెక్క వేసుకునేది. శనివారం లోపల డబ్బు తెస్తానని మాటిచ్చి వచ్చింది. మణిమాలగారు శనివారం దాకా ఇంకెవరికీ చూపించనన్నారు.

సోమవారం పొద్దున్న నూకమ్మ నన్ను తోడు రమ్మంది, హిందీలో మాట్లాడ్డానికి. సమితి మేనేజరు శ్యామసుందర్‌ది మన వైపు కుటుంబమే గాని, పుట్టింది భిలాయ్‌లోనే కాబట్టి తెలుగుని అవసరమున్నంత మేరకే వాడతాడు. డబ్బు తీసుకునే ఫారం ఇచ్చాడు. అందులో ‘కారణం’ అనే గడి ఉంది. గ్రైండరు కొనడానికి అని నేను రాస్తే ఆయన బాధపడ్డాడు. పొదుపు చేయడం మంచి అలవాటనీ, డబ్బు తీసేస్తే ఆ అలవాటు పోతుందనీ, సభ్యుల్ని ఆ ప్రమాదంనుంచి కాపాడటానికే ఈ గడి పెట్టామనీ వివరించాడు. (పెళ్లి, చావు అనే రెండు కారణాలు మాత్రం చర్చ లేకుండా ఒప్పుకుంటారట. చావైతే మాత్రం ఖాతాదారు స్వయంగా రావాలి.) అరగంట నచ్చజెప్పాక, సరే, కింద నిశానీ పెట్టమన్నాడు.

అప్పుడు నూకమ్మ కలం తీసుకుంది. నాలుక కొసని పళ్ల మధ్య పట్టుకుని, హిందీ అక్షరాల్లో తన పేరు రాసింది. అక్షరాల మీది పైగీత చివరికంటా లాగి, పైకి చూసి నవ్వింది.

ఇక్కడ కొంచెం చెప్పాలి. ఏడాది కిందట మా లైను చివరి గదిలో వయోజనుల చదువు మొదలైంది. ఛాయ అనే ఛత్తీస్‌గఢీ అమ్మాయి మధ్యాహ్నాలు వచ్చి ఆడవాళ్లకి అక్షరాలు నేర్పేది. నూకమ్మతో పాటు మరో పదకొండు మంది వెళ్లేవారు. తెలుగులో రాయడం రాని నూకమ్మ హిందీలో రాయడం నేర్చుకుంది. పేరు, పెనిమిటి పేరు, బస్సు మీది ఊళ్ల పేర్లు. దుర్గ్ అని చదివిన రోజున ఇంటికొచ్చి ఆ సంగతి నాకూ చెప్పింది.

శ్యామసుందర్ ఫారం చూశాడు. ఖాతా పుస్తకం చూశాడు. మళ్లీ ఫారం చూశాడు.

“దేఖియే అమ్మా, ఖాతా అంగూఠాది. మీరేమో దస్తఖత్ చేశారు. ఈ ఖాతాలో ఈ దస్తఖత్ మనిషి లేదు.”

అయితే వేలిముద్రే వేస్తానని నూకమ్మ బొటనవేలు చాపింది. ఆయన సిరా పెట్టె పక్కకి జరిపాడు. పదిహేడో నిబంధన ప్రకారం, చదువు వచ్చినవాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకోవడం నేరం. చదువు వచ్చిందని తెలియకపోతే తీసుకోవచ్చు. తెలిశాక కుదరదు. ఫారం చించేసి కొత్తది ఇవ్వమని నేను అడిగితే, ఫారాలకి నంబర్లున్నాయన్నాడు. (నంబరున్న కాగితాన్ని చించమని అడిగినందుకు నాకే సిగ్గేసింది.)

నూకమ్మకి సగమే అర్థమైంది. “నాను రాత నేర్సుకున్నాను బాబూ. అదేటి తప్పా?” అని తెలుగులో అడిగింది.

తప్పేం కాదని, చాలా సంతోషమని, సమితి తరఫున అభినందనలని శ్యామసుందర్ చెప్పాడు. దారి కూడా చూపించాడు. నూకమ్మకి చదువు రాదని చదువు చెప్పే కేంద్రం వాళ్లే రాసిస్తే, ఫారం మీది సంతకాన్ని పొరపాటున పడిన గీతగా భావించి, వేలిముద్ర తీసుకుంటాడట.

మంగళవారం ఛాయ దగ్గరికి వెళ్లాం. ఆ పిల్ల అంతా విని, ఏడాదిపాటు నేర్పించి, రాలేదని ఎలా రాసివ్వనని అడిగింది. పైగా మా లైనులో అందరికీ చదువు వచ్చేసిందని పై ఆఫీసుకి ఆర్నెల్ల కిందటే రాసేశారు. చివరికి ఆ పిల్లకే ఒక ఉపాయం తోచింది. బుధవారం పరీక్ష ఉంది. నూకమ్మ దీదీ ఖాళీ కాగితం ఇచ్చి పరీక్ష తప్పితే, ‘ఇంకా చదువు రాలేదు’ అని ఎవరైనా రాసివ్వక తప్పదు.

పుట్టి బుద్ధెరిగి నూకమ్మ ఎప్పుడూ పరీక్ష రాయలేదు. మొదటి పరీక్షే తప్పడానికి రాయాల్సి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం మిగిలిన పదకొండు మంది వంచిన తల ఎత్తకుండా రాస్తుంటే, ఈవిడ గోడకేసి చూస్తూ కూర్చుందిట. గంట అయ్యాక కాగితం ఇచ్చేసి బయటికి వచ్చింది. ఏమీ రాయలేదు కదా అని అడిగాను. కాసేపు కొంగు సర్దుకుంది.

“పేరు రాసీసినాను. పైన పేరు రాయమని గీత గీసి ఉంది. అది నా పేరే కదా బాబూ, ఖాళీగా ఎలా ఒగ్గీమంటావు?”

 మా టైమాఫీసు కార్డులో నా పేరు ఎవరైనా తప్పు రాస్తే నాకూ రెండు రోజులు అన్నం సయించదు.

గురువారం ఫలితాలు వచ్చాయి. నూకమ్మ ఫస్టు క్లాసులో ప్యాసైంది. తప్పిన వాళ్లు ఒక్కరున్నా పై ఆఫీసుకి పంపిన లెక్క తప్పవుతుంది కాబట్టి, పేరు రాసినవాళ్లందరికీ ఫస్టు క్లాసూ, కాగితం ఎత్తుకుని ఇంటికి పోయిన ఒకావిడకి సెకండు క్లాసూ ఇచ్చారు. ముద్ర వేసిన సర్టిఫికెట్టు తెచ్చి ఛాయ ఏడ్చినంత పని చేసింది. నూకమ్మే ఆ పిల్లని ఊరుకోబెట్టింది.

ఆ రాత్రి డ్యూటీ లేకపోవడంతో నరసింగరావు ఇంట్లోనే ఉన్నాడు. సర్టిఫికెట్టు చూసి ఇదేమిటని అడిగితే ఆవిడ మొత్తం చెప్పేసింది. మూడున్నరేళ్లు తన జీతంలోంచి తనకి తెలియకుండా మిగిల్చిందని అతనికి కోపం వస్తుందని భయపడిందట. అతను సుపేలా నుంచి ఎండాకాలం కూడా నడిచే వచ్చేదానివా అని అడిగాడు. అవునంది. అతను శుక్రవారం సెలవు పెట్టి మాతో పాటు మేడ మెట్లెక్కాడు.

ఫస్టు క్లాసు సర్టిఫికెట్టు చూడగానే శ్యామసుందర్ పెదవి విరిచాడు. ఇక వేలిముద్ర ప్రసక్తే లేదు. అయితే ఆయన రాక్షసుడు కాదు. (ఆయన గదిలో చల్లటి మంచినీళ్లు ఎప్పుడూ ఉంటాయి, ఖాతాదారులకి కూడా ఇస్తాడు.) నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పి, మొహం వెలిగేలా ఒక మార్గం కనిపెట్టాడు. డబ్బు తిరిగి ఇవ్వడానికి పాత నిశానీ కావాలి. అప్పు ఇవ్వడానికి మాత్రం అక్కర్లేదు. సమితిలో డబ్బు దాచిన సభ్యురాలు వేలిముద్ర నూకమ్మ. అప్పు అడుగుతున్నది సంతకం నూకమ్మ. ఆవిడ డబ్బుని ఈవిడ అప్పుకి హామీగా పెట్టుకుని, నూటికి ఎనభై అయిదు చొప్పున, రెండువేల రెండువందల పంతొమ్మిది ఇవ్వవచ్చు. దాచినదానికి వడ్డీ అయిదు శాతం. అప్పుకి పద్నాలుగు.

“మన డబ్బే మనకి అప్పా?” అన్నాడు నరసింగరావు. 

శ్యామసుందర్ ఓపిగ్గా సరిదిద్దాడు. ఆ డబ్బు ‘మన’ది అనడానికి రుజువు లేకపోవడం వల్లే కదా ఇంత కష్టపడుతున్నాం.

నూకమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. శనివారం రేపే. మూడు ప్రతుల మీద, రసీదు మీద, వెనకవైపు, మొత్తం తొమ్మిది సంతకాలు చేసింది. మొదటి దానికి నవ్విన మనిషి ఈ తొమ్మిదింట్లో ఒక్కదానికీ నవ్వలేదు. దరఖాస్తు రుసుం పాతిక పట్టుకుని, రెండువేల నూటతొంభై నాలుగు చేతిలో పెట్టారు.

శనివారం మణిమాలగారి ఇంటికి వెళ్లి, ఆరు రూపాయలు తక్కువయ్యాయని నూకమ్మ చెప్పింది. మణిమాలగారు ఆరు రూపాయలు వదిలేశారు. ఆ వారం మొత్తం మీద దరఖాస్తు లేకుండా జరిగిన పని అదొక్కటే. గ్రైండరుని రిక్షాలో వేసి, నరసింగరావు పక్కన పట్టుకుని నడిచి ఇంటికి తెచ్చాడు.

పిండి బాగానే అమ్ముడుపోతోంది. చరోదా రైల్వే కాలనీ నుంచి కూడా స్టీలు గిన్నెలు పట్టుకుని వస్తున్నారు. చిట్టిబాబు ఇప్పటికీ సాయంత్రం మోపెడ్ మీద వచ్చి రోజుకి మూడు రూపాయలు తీసుకెళ్తున్నాడు, అప్పు కింద. ఇంకా రెండున్నరేళ్లు ఉంది. వేలిముద్ర నూకమ్మ డబ్బు సమితిలో క్షేమంగా ఉందని, ఎవరూ దాన్ని ముట్టుకోలేరని శ్యామసుందర్ నాకు హామీ ఇచ్చాడు.

లైనులో మిగిలిన పదకొండు మందికీ సమితిలో ఖాతాలున్నాయి. అన్నీ వేలిముద్రలే. నూకమ్మ సంగతి తెలిసిన మర్నాటినుంచి వాళ్లలో ఒక్కరూ చదువుకి వెళ్లలేదు. ఛాయ ఇంటింటికీ తిరిగి పిలిచింది. డబ్బు చేతికొచ్చాక నేర్చుకుంటామని చెప్పి పంపేశారు. ఎవరూ రాని గదిలో ఆ పిల్ల నెలన్నాళ్లు ఒక్కతే కూర్చుంది. జూన్‌లో పై ఆఫీసునుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చి, ఖాళీగా ఉన్న హాజరు పట్టీ చూసి, ఈ లైనులో చదువు రానివాళ్లు ఒక్కరూ మిగల్లేదని సంతోషంగా రాసుకుని, గదికి తాళం వేయించాడు.