రెండు తలల సెలవు

శ్రీవాసవికి ఉద్యోగం దొరికింది. జీతం లేదు, సెలవు లేదు, కుర్చీ మాత్రం ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొగుడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తెర మూలన ఉన్న పచ్చచుక్క పసుపుపచ్చగా మారకుండా కాపలా కాయడమే పని.

ఆ ఉద్యోగం ఇచ్చినవాడు మొగుడు ప్రదీప్‌కుమారే. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. కంపెనీ కొత్త భవనంలోకి మారుతోంది. అక్కడ ఏసీలు బిగించేదాకా ఎవరి ఇళ్ళ నుంచి వాళ్ళు పనిచేసుకోండని అందరినీ పంపేసింది. ఏసీ లేదని మనుషుల్ని ఇళ్ళకు పంపే కంపెనీకి వేసవిలో ప్రదీపు సొంతూరు కర్నూలు ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఇది మా ఆఫీసు చాటింగు. ఈ చుక్క పచ్చగా ఉంటే నేను పనిచేస్తాండానని అర్థం. కాసేపు మౌసు కదపకుంటే పసుపుపచ్చ అవుతాది. అయిందంటే మా మేనేజరు చూస్తాడు" అని మొదటిరోజు ప్రదీపు పాఠం చెప్పాడు.

"చూస్తే?"

"ఫోన్ చేస్తాడు."

"చేస్తే?"

"యాడుండావని అడుగుతాడు."

"యాడుంటారు మీరు?"

ప్రదీపు ఫ్యాను వైపు చూశాడు. కరెంటు లేదు కాబట్టి ఫ్యాను కూడా అతన్నే చూసింది. "ప్రోగ్రాం రాసేదానికి ముందు ఆలోచించల్ల వాసవీ. ఆలోచనకు గాలి కావల్ల. ఊరికే బాషా అంగడి దాకా పోయొస్తా."

బాషాది సెల్‌ఫోన్ల అంగడి. ముందు ఫోన్లు, వెనక క్యారంబోర్డు. ప్రదీపు ఆలోచనలన్నీ వెనకే సాగుతాయని వీధి వీధంతా ఎరుగును.

"ఎవురన్నా ఏమన్నా అడిగితే?" అంది శ్రీవాసవి. ఆమెకు భయం. చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చుగానీ, ఒక్క వేలితో ఒక్కో అక్షరాన్ని వెతికి పట్టుకోవాలి.

"మూడే మాటలు. ఇది చెయ్యమంటే 'ఓకే' అను. అయిందా అంటే 'ఇన్ ప్రోగ్రెస్' అను. ఏందీ అర్థం కాకుంటే 'విల్ చెక్ అండ్ అప్‌డేట్' అను. ఈ మూడింటితోనే మా ఆఫీసులో పెద్దపెద్దోళ్ళు రిటైరవుతాండారు."

ఆమె చంకలో పదకొండో నెల నడుస్తున్న కొడుకు జ్ఞానేశ్వరు మౌసు తోక పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు.

శ్రీవాసవి అసలు బాధంతా ఆ పిల్లవాడి తల. పుట్టిన జుట్టు పుట్టినట్టే పెరిగి, కోతిటోపీ పెట్టినట్టు చెవులు మూసేసింది. మహానందిలో పుట్టెంట్రుకలు ఇస్తామని మొక్కు. అందాకా కత్తెర తగలకూడదు. అత్త నాగరత్నమ్మ రెండు రబ్బరుబ్యాండ్లతో రెండు పిలకలు వేస్తే, దారినపోయేవాళ్ళు "పాప ముద్దుగా ఉండాదే" అంటున్నారు. ఆ మాటను కూడా ఓర్చుకోవచ్చు. ఈ ఎండకు జుట్టు కింద తలంతా చెమటకాయలు పేలి, పిల్లవాడు గోక్కోలేక చేతులు గాలిలో ఆడించి ఏడుస్తాడు. ఒక్కో చెమటకాయను శ్రీవాసవి పేరు పెట్టి పిలిచేంతగా ఎరుగును.

పైగా పదకొండో నెల వచ్చే వారంతో సరి. పుట్టెంట్రుకలు బేసి నెలలోనే తీయించాలి, ఇది దాటితే మళ్ళీ మూడో ఏడే.

"సెలవు అడిగినారా?" అని రోజూ అడుగుతుంది.

"అడగకుండా ఉంటానా? మా భూపేష్ రెడ్డి సారు మనిషి కాదు వాసవీ. ఆయనది కడప. ఆ జిల్లాలో గుండ్రాళ్ళు ఉంటాయే, వాటిలో ఒకటి లేసి ప్యాంటు ఏసుకుంది, అంతే. పసిపిల్లోడు సార్ అన్నా, ఎండలు సార్ అన్నా. కరగలే."

"కడపోళ్ళు మంచోళ్ళే గదా?"

"అది ఊర్లో ఉన్నప్పుడు."

ఆ మాటతో శ్రీవాసవి పిల్లవాడి తలకు చందనం రాసేది. ప్రదీపు చెప్పులు వేసుకునేవాడు.

ఉద్యోగంలో మాత్రం శ్రీవాసవి దూసుకుపోయింది. తండ్రి రామలింగయ్యకు నందికొట్కూరులో చిల్లర అంగడి. చిన్నప్పుడు గల్లాపెట్టె పక్కన కూర్చుని గిరాకీలతో మాట్లాడిన పిల్ల. అడిగినవాడికి లేదనకూడదన్నది ఆమె ఒంట్లోనే ఉంది. భూపేష్ రెడ్డి సారు ఏది అడిగినా ఓకే అంది.

సాయంత్రం ప్రదీపు వచ్చి తెర చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"రిపోర్టులన్నీ నేనే రాస్తానని ఎవురు చెప్పిరి?"

"సారు చేస్తావా అన్నారు. ఓకే అన్నా. మీరు నేర్పిందే."

"టెస్టింగు కూడా నేనేనా!"

"దానికీ ఓకే అన్నా. పాపం, ఎవురూ ఒప్పుకోలేదంట."

ఆ వారం ప్రదీపు క్యారంబోర్డు దగ్గర ఆలోచించిన దానికి రెట్టింపు ఇంట్లో కష్టపడ్డాడు. వేళకు అన్నం తిన్న పాపాన పోలేదు. ఒకరోజు మేనేజరు ఫోన్ చేసి, "ఏమప్పా ప్రదీపూ, పొద్దున నువ్వు ప్రతిదానికీ వాదిస్తావు. మధ్యాన్నమైతే బంగారం. అన్నం తింటే ఇంత మంచోడివి అవుతావా?" అని మెచ్చుకున్నాడు.

ఇంట్లోనూ ఆ భాష పాకింది. "పప్పు ఉడికిందామ్మా?" అని నాగరత్నమ్మ అడిగితే, "ఇన్ ప్రోగ్రెస్ అత్తా" అని వంటింట్లోంచి జవాబు.

సోమవారం బాషా చార్జరు తిరిగిచ్చే నెపంతో వచ్చి, గడప దగ్గరే నిలబడి వింత ప్రశ్న వేశాడు.

"వదినా, మొహానికి రంగు పూస్తే అన్నకు పడతాదా? దద్దుర్లేమన్నా వస్తాయా?"

"రంగేంది బాషా? హోలీ పోయి ఎన్నాళ్ళాయ!"

బాషా నాలుక కరుచుకుని, "ఊరికే అడిగినా వదినా" అని ఇచ్చిన చార్జరే మళ్ళీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం అన్నం తింటూ ప్రదీపు పెరుగు గిన్నెకు చెప్పినట్టు చెప్పాడు. "గురువారం, శుక్రవారం హైదరాబాదులో అర్జంటు మీటింగు. పోకపోతే ఉద్యోగమే పోతాది."

శుక్రవారం మంచిరోజని అత్త పంచాంగం చూపించింది. ఆ తర్వాత ఈ నెలలో రోజే లేదు.

ప్రదీపు బాషా అంగడికి పోగానే ఆమె తెర ముందు కూర్చుంది. ఒళ్ళో జ్ఞానేశ్వరు తలను ఆమె భుజానికేసి రుద్దుకుంటూ మూలుగుతున్నాడు. ఆ మూలుగే ఆమెకు ధైర్యమిచ్చింది. గుండ్రాయి అయితే ఏమి, అడిగి చూద్దాం. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో వేలి పొడుపుతో కొట్టింది.

"సార్. నా కొడుక్కు పుట్టెంట్రుకలు తీయించల్ల. సెలవు కావల్ల."

అటునుంచి జవాబు వెంటనే వచ్చింది. "మళ్ళ సెలవా? ఎంతమంది కొడుకులప్పా నీకు?"

ఆమె అయోమయంగా, "ఒకడే సార్" అని కొట్టింది.

"ఆ ఒక్కనికే గదా గురువారం, శుక్రవారం సెలవు తీసుకుంటివి? మహానంది అంటివి. ఒక్క తలకు రెండు రోజులు ఏమిటికప్పా అంటే, రెండు తలలు సార్, నాకూ మొక్కుండాది, నేనూ గుండు కొట్టించుకుంటా అంటివి. ఈ కాలంలో ఇంత భక్తి యాడుండాదని అడిగిన వెంటనే ఇచ్చేస్తి. మర్చిపోతివా?"

శ్రీవాసవి ఆ జవాబును మళ్ళీ చదివింది. గురువారం. మొహానికి రంగు. హైదరాబాదు. పక్కింటి టీవీలో వారం రోజులుగా ఊదరగొడుతున్న ఉప్పల్ స్టేడియం ఇరవై ఓవర్ల మ్యాచి. అన్నీ ఒక్కసారిగా వచ్చి వరసలో నిలబడ్డాయి.

ఏం కొట్టాలో తోచక, వేళ్ళకు అలవాటైన మాటే కొట్టింది. "ఇన్ ప్రోగ్రెస్."

"ఏందప్పా ఇన్ ప్రోగ్రెస్? గుండా? సరేలే. సోమవారం కొత్త ఆఫీసు మొదలు, అందరూ రావల్ల. నీ గుండు చూడల్లని టీమంతా ఎదురుచూస్తాండారు. ప్రసాదం మర్చిపోవాకు. వస్తావు గదా?"

తండ్రి అంగడి గుర్తొచ్చింది. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తెలిశాక రామలింగయ్య గొంతు ఇంకా మెత్తబడేది. ఇంకో రెండు యాలకులు చేతిలో పెట్టి మరీ పాత బాకీ రాబట్టేవాడు.

"ఓకే" అని కొట్టింది.

ఆ సాయంత్రం ప్రదీపు వచ్చేలోగా తెర మీది ఆ మాటలన్నీ చెరిపేసి, అతనికి ఉల్లిపాయ బజ్జీలు వేసిపెట్టింది.

"మీటింగులో మీ సారు ఉంటారా?" అని మెత్తగా అడిగింది.

"ఆయనే గదా పిలిచింది! రాక్షసుడు."

"పోనీలేండి. జాగ్రత్తగా పోయి రాండి. ఎండకు తలకు ఏమన్నా కట్టుకోండి. తల శానా ముఖ్యం."

పెళ్ళాం ఇంత మంచిది కావడం చూసి ప్రదీపుకు కళ్ళు చెమర్చాయి. ఇంకో బజ్జీ తిన్నాడు.

గురువారం తెల్లారగానే వీధిలో హారన్ మోగింది. ప్రదీపు సంచి భుజానికి తగిలించుకుని బయటికి ఉరికాడు. బాషా కారు ఉంది. కారుకు జెండా, జెండా కింద బాషా, బాషా మొహానికి రెండు రంగులు. బాగానే ఉంది. కానీ కారు కదలకుండా దాని ముందు నందికొట్కూరు జీపు అడ్డంగా ఆగి ఉంది. జీపులో మామ రామలింగయ్య, ఆయన భార్య, ప్రదీపు బావమరిది, పసుపుకుంకుమల సంచి, పులిహోర డబ్బా.

"రాండి అల్లుడూ, పిల్లోని మేనమామను కూడా పట్టుకొచ్చినాం" అన్నాడు రామలింగయ్య. "మీకు సెలవు దొరకడం మా అదృష్టం."

"సెలవా? నాకు మీటింగు..."

"అదేంరా?" అని నాగరత్నమ్మ పట్టుచీరలో గడప దాటింది. "మీ సారు రెండు రోజులు సెలవిచ్చినాడంట గదా. ఈపొద్దు పోయి నిద్ర చేసి, రేపు పొద్దున్నే తీయిస్తాం. అంత మంచి సారును పట్టుకొని ఊరికే తిడతాంటివి."

ప్రదీపు మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాడు. ఆమె పిల్లవాడికి రెండు పిలకలూ సరిచేస్తోంది.

"నువ్వు... మా సారుతో మాట్లాడినావా?"

"మీరే గదా కూర్చోబెట్టింది. చుక్క పచ్చగా ఉంచమంటిరి, ఉంచినా. మీ పేరుతోనే అడిగినా. ముందే ఇచ్చినా గదప్పా అన్నాడు సారు."

బాషా కారు దిగి, జీపునూ, పట్టుచీరనూ, ప్రదీపు మొహాన్నీ ఒకసారి చూశాడు. అతను తెలివైనవాడు. "అన్నా, నీ టిక్కెట్టు మా బావమరిదికి ఇస్తాలే" అని కారు వెనక్కు తీశాడు.

మహానందిలో శుక్రవారం పొద్దున జ్ఞానేశ్వరు మేనమామ ఒళ్ళో కూర్చుని ఊరు దద్దరిల్లేటట్టు ఏడ్చాడు. కత్తి గీసినప్పుడల్లా శ్రీవాసవి కళ్ళు మూసుకుంది. "మెల్లగా అన్నా, ఆడ చెమటకాయ ఉండాది, ఈడ ఇంకోటుండాది" అని మంగలిని ఊపిరి తిప్పుకోనివ్వలేదు. చల్లటి ఊటనీళ్ళు తల మీద పడగానే పిల్లవాడు ఏడుపు ఆపి, నోరు తెరిచి, వింతగా అందరినీ చూశాడు. గోక్కోవడానికి ఎత్తిన చెయ్యి ఎక్కడా ఏమీ దొరక్క కిందికి దిగింది. ఎన్నాళ్ళకో వాడు నవ్వాడు. శ్రీవాసవి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ప్రదీపు కొడుకు తల తడిమాడు. "వాసవీ, తప్పయిపాయ. ఇంక పోదాం పా."

"యాడికి? ఇంకో తల ఉండాది గదా."

"ఎవురిది?"

"రెండు తలలకు రెండు రోజులు ఇచ్చినాడు సారు."

ప్రదీపు రెండు చేతులతో జుట్టు పట్టుకున్నాడు. రోజూ నూనె రాసి దువ్వుకునే జుట్టు అది. పెళ్ళిచూపుల్లో దాన్ని చూసే ఒప్పుకున్నారని అతని నమ్మకం. "అది ఊరికే ఆయనకు చెప్పిన మాట! ఇంట్లో పనిచేసేవాని తల ఎవురు చూస్తారు?"

"సోమవారం కొత్త ఆఫీసు మొదలంట. అందరూ రావల్లంట. మీ గుండు చూడల్లని ఎదురుచూస్తాండారంట."

"నువ్వేమంటివి?"

"ఓకే అన్నా."

ప్రదీపు ఒక్క నిమిషం మహానందీశ్వరుడి గోపురం వైపు చూశాడు. ఆయన తరఫు నుంచి ఏ సాయమూ రాలేదు. వెళ్ళి మంగలి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

సగం తల అయ్యేసరికి ఫోన్ మోగింది. బాషా. "అన్నా, రాతిరి మ్యాచి శానా బాగుండె! నువ్వు యాడుండావు, అయిపోయిందా?"

తల కదిలిస్తే తెగుతుంది. ప్రదీపు పెదవులు మాత్రం కదిపాడు. "ఇన్ ప్రోగ్రెస్."

అయిపోయాక మంగలి నీళ్ళు చల్లి, "చూసుకోమ్మా, యాడన్నా మిగిలిందా?" అని శ్రీవాసవిని పిలిచాడు. ఆమె చంకలో పిల్లవాడితో వచ్చి, మేనేజరులా చుట్టూ తిరిగి చూసింది. జ్ఞానేశ్వరు ఆ మెరిసే తలను గుర్తుపట్టక ముందు బిక్కమొహం వేశాడు. తర్వాత తన గుండు తడుముకున్నాడు, తండ్రి గుండు మీద చెయ్యి వేశాడు, టపటపా కొట్టి కిలకిలా నవ్వాడు.

"బాగుండాదా?" అన్నాడు ప్రదీపు నేల చూపులు చూస్తూ.

శ్రీవాసవి చెంగుతో అతని తల తుడిచి, చందనం రాసింది. చెవి వెనక ఒక్క వెంట్రుక కనబడితే మంగలికి చూపించి తీయించింది. అప్పుడు చెప్పింది.

"ఓకే."